నాన్న ఫోన్‌లో యూపీఐ తీసేస్తానంటే తప్పా?

రాజాం అబ్బాయి:
మా నాన్నకి 74 ఏళ్లు. రాజాంలో ఒక్కరే ఉంటారు. జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, పీఎఫ్ పింఛను వస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయిన నెల ఎవడో ఫోన్ చేసి "మీ లైఫ్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది, పింఛను ఆగిపోతుంది" అని భయపెట్టాడు. బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా ఇవ్వాల్సిన సర్టిఫికెట్ అది. వాట్సాప్‌లో ఏదో ఫైల్ పంపితే నాన్న నొక్కారు. ఖాతాలోంచి 18 వేలు పోయాయి. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేశాం, కానీ అప్పటికే మర్నాడైపోయింది. స్మార్ట్‌ఫోన్ తీసేసి బటన్ ఫోన్ ఇస్తానన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేశారు. ఆయన మేలు కోరే చేస్తున్నాను. ఇది తప్పా?

నాగావళి ఒడ్డు:
బటన్ ఫోనే మేలు. మా మావయ్యకి అదే ఇచ్చాం. ఏ టెన్షనూ లేదు.

ఏడురోడ్ల మాస్టారు:
తప్పే బాబూ. ముందు ఒక్క సంగతి చెప్పండి. మీ నాన్నగారు ఓటీపీ చెప్పారా, పిన్ కొట్టారా? ఈ రెండిటికీ తేడా ఉంది. అది తేలకుండా ఫోన్ లాక్కోవడం న్యాయం కాదు.

ఇంకోటి. పీఎఫ్ పింఛను వాళ్లకి నవంబరే గడువని ఏమీ లేదు. ఏ నెలలో సర్టిఫికెట్ ఇస్తే అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. ఈ ముక్క ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఫోన్‌కి బెదిరేవారా? పైగా 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఇంట్లోనే ఆ సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. దానికి స్మార్ట్‌ఫోనే కావాలి. నాకు 69. శుక్లాల ఆపరేషన్ అయిన కన్నుతో, కిటికీ వైపు తిరిగి కూర్చుని, తెర మీద గుండ్రటి గీత పచ్చబడేదాకా ఆగి, కళ్లు ఆర్పి, నా అంతట నేనే ఇచ్చుకున్నాను. మీరు ఆ ఫోన్ తీసేస్తే ఆయన ఏడాదికోసారి ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి.

బొబ్బిలి సెల్ రిపేర్:
ఆ ఫైల్ ఏపీకే అయ్యుంటుంది, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ దించేది. పింఛను పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పెళ్లి కార్డు పేరుతో పంపుతున్నారు. అది ఫోన్‌లో దిగిందంటే వచ్చే మెసేజ్‌లన్నీ వాడికి వెళ్లిపోతాయి. ఓటీపీ ఎవరూ చెప్పక్కర్లేదు. షాపుకి వారానికి ఒకరైనా ఇదే గోలతో వస్తున్నారు. బటన్ ఫోన్‌లో ఆ ఫైల్ పనిచెయ్యదు, నిజమే. కానీ ఓటీపీ దానికీ వస్తుంది కదా. భయపెట్టి అడిగితే నోటితో చెప్పేస్తారు.

ఏడురోడ్ల మాస్టారు:
చూశారా, ఓటీపీ చెప్పక్కర్లేదట. మరి ఆయన తప్పేముంది? పిన్ కొట్టారా లేదా? అబ్బాయి చెప్పాలి.

పలాస ఆడపడుచు:
మీరంతా ఫోన్ గురించే మాట్లాడుతున్నారు. పక్కన ఉండి చూసుకునే మనిషి గురించి ఒక్కరూ అడగలేదు.

మా అమ్మ పాతికేళ్లు జీడిపిక్కలు కొట్టింది. ఆ పిక్కల జిడ్డుకి వేళ్ల కొసలు నల్లబడి, కాలి, రేఖలన్నీ అరిగిపోయాయి. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు పింఛను నాలుగు వేలు ఇంటికే తెస్తారు. అది మంచిదే. కానీ వేలిముద్ర పడదు. బొటనవేలు, చూపుడువేలు, చెయ్యి కడిగి ఒకసారి, నూనె రాసి ఒకసారి. ఆఖరికి కన్ను చూపిస్తే పడుతుంది. అది నేనున్నాను కాబట్టి అవుతోంది.

మా అన్నయ్య చెన్నైలో ఉంటాడు. అమ్మ బ్యాంకు ఖాతాకి తన నంబరు పెట్టుకున్నాడు, సేఫ్టీ అని. ఒకరోజు బ్యాంకులో మేడం ఓటీపీ అడిగింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడు. అమ్మ కుర్చీలో కూర్చుంది, నేను కౌంటర్ దగ్గర నిలబడ్డాను. లంచ్ అని అద్దం కిటికీ మూసేశారు. ఎండలో ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చాను. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసి "ఓటీపీ వచ్చింది, చెప్పనా?" అన్నాడు. అది అప్పటికి ఎందుకు పనికొస్తుంది?

మేలు కోరామని దూరంగా ఉన్నవాళ్లే అంటారు. ఆ మేలు మోసేది మేము.

రాజాం అబ్బాయి:
అక్కా, మీ అన్నయ్య సంగతి వేరు, నా సంగతి వేరు. నేను ఫోన్ ఎత్తకుండా ఎప్పుడూ లేను.

పలాస ఆడపడుచు:
ఎత్తుతావు తమ్ముడూ. మీ నాన్నకి గ్యాస్ బుక్ చెయ్యాలన్నా, మందులు తేవాలన్నా పరుగెత్తేది ఎవరు?

రాజాం అబ్బాయి:
పక్కింటి వాళ్లు చూస్తారు. వాళ్లకి నేను డబ్బులు పంపుతాను.

ఏడురోడ్ల మాస్టారు:
70 దాటినవాళ్లకి ఇంటికే వచ్చి సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది. అది అడగాలి. అడక్కుండా ఫోన్ తీసేస్తాననడం ఏమిటి? పిన్ సంగతికి ఇంకా జవాబు రాలేదు.

పలాస ఆడపడుచు:
మా బ్రాంచిలో అడిగాను మాస్టారూ. మనుషులు లేరన్నారు.

రాజాం అబ్బాయి:
మాస్టారూ, ఓటీపీ అయితే ఏంటి, పిన్ అయితే ఏంటి? మీరు మొదటి నుంచీ ఆ ముక్కే పట్టుకుని వేలాడుతున్నారు. పోయింది ఒక్క 18 వేలేనా? వేసవిలో మిల్లులో పాత స్నేహితుడికి ఆరు వేలు పంపారు. నాకు చెప్పలేదు. టీ కొట్టు దగ్గర నలుగురికీ ఆయనే స్కాన్ చేస్తారు. ఎవరో చందా అంటే ఐదొందలు కొడతారు. ఎవరి డబ్బు అది? నెలనెలా నేను పంపేది!

ఏడురోడ్ల మాస్టారు:
ఇదీ అసలు సంగతి. స్నేహితుడికి ఆరు వేలు పంపినట్టు మీకెలా తెలిసింది?

రాజాం అబ్బాయి:
నెట్ బ్యాంకింగ్ పెట్టింది నేనే. పాస్‌వర్డ్ నా దగ్గరుంది.

ఏడురోడ్ల మాస్టారు:
ఆయనకి చెప్పి చూస్తున్నారా, చెప్పకుండానా?

రాజాం అబ్బాయి:
చెప్పలేదు. చెబితే ఒప్పుకోరు. పీఎఫ్ పింఛను కనీసం వెయ్యి అని 2014లో పెట్టారు. ఆయనకి వచ్చేది దాని మీద కాస్త ఎక్కువ. బీపీ మందులకే సరిపోదు. అద్దె, కరెంటు, బియ్యం అన్నీ నేనే. అడిగే హక్కు నాకు లేదా?

ఏడురోడ్ల మాస్టారు:
లేదు. ఇచ్చాక అది ఆయన డబ్బు. ఆయన మిమ్మల్ని చదివించినప్పుడు మీ జేబు వెతికారా? మా అబ్బాయి కూడా బెంగళూరు నుంచి ఇలాగే మొదలెట్టాడు. "నాన్నా, ఆ మిక్సీ ఎందుకు కొన్నారు" అని. ఆ రోజే పాస్‌వర్డ్ మార్చేశాను. టీ కొట్టులో నలుగురికీ డబ్బులివ్వడం మీకు దుబారా. ఆయనకి అది ఊళ్లో తన పరువు. చేతిలో ఫోన్ తీసేస్తే రేపటి నుంచి ఇంకొకరు పోయించిన టీ తాగాలి. మాట్లాడటం ఎందుకు మానేశారో మీకు నిజంగా తెలియడం లేదా?

పలాస ఆడపడుచు:
మాస్టారూ, మీకు ట్రెజరీ నుంచి సర్కారు ఉద్యోగం పింఛను వస్తుంది. పాస్‌వర్డ్ మార్చుకోగలిగారు. మా అమ్మలాంటి వాళ్లు, ఈ తమ్ముడి నాన్నలాంటి వాళ్లు మార్చుకుంటే తిండెలా? పంపేవాడికి లెక్క తెలియడంలో తప్పు లేదు. దొంగచాటుగా చూడటం తప్పు. చూసి, ఆ కోపం పైకి చెప్పకుండా, మోసం జరిగిందన్న వంకతో ఫోన్ తీసేస్తాననడం ఇంకా తప్పు.

నాగావళి ఒడ్డు:
అక్క చెప్పింది నిజం.

బొబ్బిలి సెల్ రిపేర్:
అన్నా, యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది. ఖాతా నీది, స్కాన్ చేసేది నాన్న. ఒక్కసారికి ఐదు వేలు, నెలకి 15 వేలు దాటనివ్వదు. నువ్వు ఇంకా తక్కువ పెట్టుకోవచ్చు. పింఛను ఖాతాని యూపీఐకి కలపకుండా ఉంచితే, యూపీఐలో ఏదైనా జరిగినా ఆ డబ్బు అంత సులువుగా పోదు. టీ కొట్టులో ఆయన మామూలుగానే స్కాన్ చేసుకుంటారు. ఫోన్ షాపుకి తెస్తే తెలియని యాప్‌లు దిగకుండా సెట్టింగ్ చేసిస్తాను. డబ్బులొద్దు.

రాజాం అబ్బాయి:
అందులో ఆయన ఖర్చు నాకు కనబడుతుందా?

బొబ్బిలి సెల్ రిపేర్:
కనబడుతుంది. ఖాతా నీదే కదా.

ఏడురోడ్ల మాస్టారు:
అయితే మళ్లీ మొదటికే వచ్చింది. నేను ఒప్పుకోను.

పలాస ఆడపడుచు:
ఆయనకి చెప్పి పెడితే తప్పు లేదు. తమ్ముడూ, ముందు ఆ నెట్ బ్యాంకింగ్ సంగతి నాన్నకి చెప్పు.

రాజాం అబ్బాయి:
సిరిమాను పండక్కి విజయనగరం వస్తున్నాను, అటు నుంచి రాజాం వెళ్తాను. సర్కిల్ సంగతి ఆయన్ని అడుగుతాను. సరేనంటే ఫోన్ ఉంచుతాను. నెట్ బ్యాంకింగ్ సంగతీ చెబుతాను. కానీ ఆ ఆరు వేల గురించి అడుగుతాను.

ఏడురోడ్ల మాస్టారు:
అది మాత్రం అడగొద్దు బాబూ. మళ్లీ మాటలుండవు.

రాజాం అబ్బాయి:
అడుగుతాను మాస్టారూ. మా పాప స్కూలు ఫీజు రెండు వాయిదాల్లో కట్టిన నెల అది.