పత్రిక కోసం తీసిన ముఖాన్ని మన ఎగ్జిబిషన్ గోడకు ఎక్కించవచ్చా?

హన్మకొండ ఫొటోగ్రాఫర్
శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. ఇల్లు గడిచేది పెండ్లిళ్ల మీద. నెలకు ఒకటో రెండో మ్యాగజైన్ షూట్లు వస్తాయి. మిగిలిన టైమంతా సొంత ప్రాజెక్టుకే పోతుంది.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. మూడేళ్ల కింద ఒక వారపత్రిక వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాల (దర్రీల) మీద కథనం వేస్తూ నన్ను పంపింది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినా నేసేవాళ్లకు ఏం ఒరిగింది అన్నది కథనం. మగ్గం మీద డెబ్బై దాటిన ఒక అమ్మ కూర్చుని ఉంది. కిటికీ వెలుతురు తప్ప ఇంకేమీ వాడలేదు. 85 ఎంఎం లెన్స్, ఐఎస్‌ఓ 1600. పత్రిక ఒక్కటే వేసింది, నా దగ్గర 46 మిగిలాయి. వాటిలో ఒకదాంట్లో ఆమె పని ఆపి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, అద్దాలు లేని కళ్లతో నావైపు చూస్తోంది. వెనక గోడకు సున్నం పెచ్చులూడి, పైనుంచి కింద దాకా చెమ్మ మరక ఉంది. నేను తీసినవాటిలో ఇంతకన్నా మంచి ఫొటో లేదని నా నమ్మకం.

వచ్చే నెల హైదరాబాద్‌లో నా ఎగ్జిబిషన్ ఉంది. మొత్తం 24 ఫొటోలు. ఇది మొదటి గోడ మీద, నాలుగడుగుల ప్రింట్. పోస్టర్ మీదా ఇదే. పత్రికతో పేచీ లేదు, ఒక్కసారి అచ్చు వేసుకోవడానికే అని అప్పుడే మెయిల్‌లో రాసుకున్నాం. కానీ మొన్న ఆ అమ్మకు కార్డు ఇచ్చి పిలుద్దామని పోతే మనవడు అడ్డం తిరిగాడు. పత్రికలో ఫొటో వచ్చిన కొత్తలో వాళ్ల చెల్లెను చూసుకోవడానికి వచ్చినవాళ్లు "మీ ఇల్లు పేపర్ల చూసినం" అన్నారట. సంబంధం కుదరలేదు. దానివల్లనే అని వచ్చినవాళ్లు అనలేదు, ఇంట్లో మాత్రం అందరి మనసులో అదే ఉంది.

ఆ రోజు ఆమె నాకు చాయ్ ఇచ్చి "తీస్కో బిడ్డా" అన్నది. ఒప్పుకున్నది ఆమె, వద్దంటున్నది మనవడు. పెట్టాలా, మానాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

గోదావరిఖని ఫ్రేమ్స్
శుక్రవారం రాత్రి 11:05

పెట్టు అన్నా. నేను సింగరేణిలో షిఫ్టు దిగి వచ్చే కార్మికుల ముఖాలు ఆరేళ్లుగా తీస్తున్నా. కొందరు రిటైరై ఊళ్లకు పోయారు, కొందరు ఇప్పుడు లేరు. ప్రతి ఫొటోకూ మళ్లీ పోయి ఇంటిల్లిపాదినీ అడగాలంటే నా హార్డ్ డిస్కుకు తాళం వేసుకోవడమే. మన వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ గారు పత్రికల్లో పని చేస్తూనే తెలంగాణ పల్లెలను, బతుకమ్మలను, పాత ఇళ్ల తలుపులను ఏళ్ల తరబడి తీశారు. 2022లో ఆయన పోయారు. ఆ ఫొటోలు లేకుంటే మన అమ్మమ్మలు ఎట్లా ఉండేవాళ్లో మన పిల్లలకు ఏం చూపిస్తాం? ఇరవై ఏళ్ల తర్వాత కొత్తవాడలో మగ్గం ఉంటుందని ఎవరు చెప్పగలరు? ఆమె సరే అన్నది. ఆమె మాటే లెక్క, మనవడిది కాదు.

సుబేదారి వకీలు
శనివారం ఉదయం 7:40

చట్టం వరకు చెప్తాను. 1957 కాపీరైట్ చట్టంలో ఫొటోకు కర్త అంటే దాన్ని తీసిన మనిషి. కానీ 17వ సెక్షన్ చాలామంది ఫొటోగ్రాఫర్లు చదవరు. ఎవరైనా డబ్బులిచ్చి అడిగి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు ఆ తీయించుకున్నవారిదే. పత్రికలో జీతానికి ఉన్న ఫొటోగ్రాఫర్ సంగతి వేరు, అక్కడ పత్రికకు ప్రచురణ హక్కు, మిగతాది తీసినవారికి. మీలాగా షూట్‌కింతని తీసుకునేవారికి ఆ మెయిల్ లేకపోతే ఈ 46 ఫొటోలూ పత్రికవే అయ్యేవి. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

ఇక ఆ అమ్మకు ఈ చట్టంలో ఏ హక్కూ లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం చెప్పింది నిజమే. దాంతో ఒక ఎగ్జిబిషన్ ఆపించడం అంత తేలిక కాదు. పోస్టర్ మీద ముఖం వేసి ప్రింట్లు అమ్మితే మాత్రం రాతపూర్వక అనుమతి ఉండాలనే నా సలహా.

జనగామ పాత స్టూడియో
శనివారం ఉదయం 9:15

వకీలు సార్ చెప్పింది చదివి కాసేపు అట్లనే కూర్చున్నాను. అంటే నా స్టూడియోకు వచ్చి డబ్బులిచ్చి ఫొటో దిగినవాళ్లకు హక్కు ఉంది. ఇంటికి పిలిచి, ఊరికే తన ముఖమిచ్చిన ముసలామెకు లేదు.

ఫిలిం రోజుల్లో మా షోకేసులో బాగా వచ్చిన ఫొటోలు పెట్టేవాళ్లం. అడిగేవాళ్లం కాదు, షోకేసులో పడడమంటే అప్పట్లో గొప్ప. ఒక పెండ్లికూతురు ఫొటో నాలుగేళ్లు ఉంది. ఒకరోజు వాళ్ల నాన్న వచ్చి, గొడవ ఏమీ పెట్టకుండా, "అది తీసెయ్యి తమ్మీ" అన్నాడు. ఎందుకని అడగలేదు, ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. తీస్తే వెనక ఎర్ర వెల్వెట్ గుడ్డ ఫొటో ఉన్నంత మేర ఎర్రగానే ఉంది, చుట్టూ ఎండకు వెలిసిపోయింది. ఆ చోట ఇంకో ఫొటో పెట్టడానికి నాకు చాలా రోజులు చెయ్యి రాలేదు.

గోదావరిఖని తమ్ముడు మనవడి మాట లెక్కలేదన్నాడు. ఆ ఇంట్లో బతికేది ఆమె ఒక్కతే కాదు కదా.

కొత్తవాడ బిడ్డ
శనివారం మధ్యాహ్నం 1:30

నేను కొత్తవాడలో పుట్టి పెరిగాను. నాన్న జంపఖానాలు నేసేవాడు. ఇప్పుడు కరీంనగర్‌లో లెక్చరర్‌ని.

అన్నా, "తీస్కో బిడ్డా" అన్న మాటను మీరు అనుమతి అంటున్నారు. మా వాడలో అది మర్యాద. బ్యాగు భుజాన వేసుకుని ఒక మనిషి గడప లోపలికి వచ్చాక వద్దనడం మా అమ్మలకు చేతకాదు. ఎండలో వచ్చాడని ముందు నీళ్లిస్తారు, చాయ్ పెడతారు, కూర్చోమంటారు, అడిగింది ఇస్తారు. నాలుగడుగుల ప్రింట్ గురించి, పోస్టర్ గురించి ఆ రోజు మీకే తెలియదు, ఆమె దేనికి సరే అన్నట్టు?

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటికి కూడా ఒక పత్రిక నుంచి వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ బయట పెట్టమన్నారు. టీవీ మీద చెద్దరు కప్పించారు. నాన్న ఫొటో దిగాలని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వస్తే, "వద్దు పెద్దాయనా, బనీను మీదే ఉండండి, నేచురల్‌గా ఉంటది" అన్నారు. నాన్న లోపలికి పోయి చొక్కా విప్పి మడత పెట్టి దండెం మీద వేసి వచ్చాడు. ఏమీ అనలేదు. ఆ పత్రిక ఇంట్లో దాచుకోలేదు మేము. ఆయన షావుకారు దగ్గరికి లెక్క చూసుకోవడానికి పోయినా, పెండ్లికి పోయినా అదే ఇస్త్రీ చొక్కా. ఆయన మామూలుగా ఉండేది అట్లా. బనీను మీద ఉన్నది వాళ్లకు కావలసిన నాన్న.

మీరు అట్లా చేశారని అనడం లేదు, మీరు దేన్నీ కదిలించలేదనే అనుకుంటున్నాను. కానీ ఆ గోడ మీకు మంచి టెక్స్చర్. ఆ పిల్లకు అది పెండ్లిచూపుల్లో తలవంచుకోవలసిన విషయం. పత్రిక పేజీ వచ్చే ఆదివారానికి పొట్లం కాగితం అవుతుంది. ఎగ్జిబిషన్ ప్రింట్ ఎవరింట్లోనో గోడకెక్కుతుంది, పోస్టర్ ఫోన్లలో తిరుగుతుంది. ఇంకా వకీలు సార్ చెప్పని మాట ఒకటుంది. 2012 సవరణ తర్వాత ఫొటో మీద హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. అంత కాలం నడిచే హక్కుకు ఒక చాయ్ పూట ఇచ్చిన మాట సరిపోతుందా?

1989లో లండన్ నుంచి వచ్చే టైమ్స్ పత్రిక ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ గారిని ఢిల్లీలో హిజ్రాల ఫొటోల కోసం పంపింది. వాళ్లలో ఒకరైన మోనా అహ్మద్ సరే అని దిగారు. ఆ ఫొటోలు లండన్‌లో అచ్చవుతాయని తెలిశాక, అక్కడ మా చుట్టాలున్నారు, ఫిలిం ఇచ్చెయ్యమన్నారు. దయానిత ఇచ్చేశారు. వాళ్లిద్దరి స్నేహం అక్కడే మొదలైంది. 2001లో ఆ స్నేహంలోంచి పుస్తకం వచ్చింది, అందులో మాటలు మోనా గారివే. ఆ రోజు రోల్స్ ఇవ్వకపోయి ఉంటే పత్రికకు నాలుగు ఫొటోలు దక్కేవి, అంతే.

రిటైర్డ్ సబ్‌ఎడిటర్, నిజామాబాద్
శనివారం సాయంత్రం 6:50

ఆదివారం అనుబంధాల్లో చాలా ఏళ్లు పని చేశాను. అమ్మా, మీ నాన్నగారి చొక్కా సంగతి చదివితే బాధేసింది, అది తప్పే. కానీ పత్రిక వైపు నుంచి ఒక మాట వినండి. కూలి గిట్టడం లేదని రాసిన కథనానికి రంగులేసిన ఇంటి ఫొటో పెడితే అది అబద్ధం అవుతుంది. బీడీలు చుట్టేవాళ్ల మీద మేం కథనాలు వేసినప్పుడు పేజీకి బలం ఫొటోతోనే వచ్చేది. చెమ్మ గోడ చూపించకపోతే ఆ చెమ్మకు కారణమైనవాళ్లకు సంతోషం.

అయితే ఎగ్జిబిషన్‌లో ఆ కథనం ఉండదు. నూలు ధర ఉండదు, కూలి లెక్క ఉండదు. ముఖం, గోడ మాత్రం ఉంటాయి. అక్కడ నాకూ ఇబ్బందిగానే ఉంది.

ఒక దారి చెప్తాను. 1948లో అమెరికా ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక పని మీద పెరూ పోయి, ఆ పని అయ్యాక కుస్కో ఊళ్లో ఒక లోకల్ ఫొటోగ్రాఫర్ స్టూడియో అద్దెకు తీసుకున్నాడు. క్రిస్మస్ పండుగకు కొండల్లోంచి వచ్చినవాళ్లను మామూలు పరదా ముందు నిలబెట్టి తీశాడు. వెనక ఇల్లు లేదు, వాకిలి లేదు. వాళ్లు వేసుకొచ్చిన బట్టలు, వాళ్ల నిలబడే తీరు, అంతే. మీరు కూడా ఆ అమ్మ నేసిన జంపఖానానే వెనక కట్టి మళ్లీ తీయొచ్చు కదా?

గోదావరిఖని ఫ్రేమ్స్
శనివారం రాత్రి 8:10

సార్, నేను ఒప్పుకోను. గోడ తీసేస్తే మనిషిని ఆమె బతుకు నుంచి కోసి తెచ్చినట్టే. రిచర్డ్ అవెడాన్ అనే ఫొటోగ్రాఫర్ 1979 నుంచి 1984 దాకా అమెరికా పడమటి రాష్ట్రాల్లో కూలీలను, గని కార్మికులను తెల్ల కాగితం ముందు నిలబెట్టి తీస్తే, వాళ్లను బొమ్మలను చేశాడని తిట్టినవాళ్లు తక్కువా? మా గని దగ్గర బొగ్గు లేకుండా ముఖం తీస్తే అది ఎవరి ముఖం?

కానీ అక్క రాసిన చొక్కా సంగతి మధ్యాహ్నం నుంచి బుర్రలోంచి పోవడం లేదు. నేను కూడా ఇద్దరు ముగ్గుర్ని "ముఖం కడుక్కోకండి, ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. షిఫ్టు దిగిన మనిషికి ముందు కావలసింది ఆ నీళ్లే. పోస్టర్ మీద వెయ్యొద్దు అన్నా. నిన్న పెట్టు అన్న మాట అంతవరకు వెనక్కి తీసుకుంటున్నా. గోడ మీద ప్రింట్ మాత్రం ఆమెను అడిగి పెట్టు.

హన్మకొండ ఫొటోగ్రాఫర్
శనివారం రాత్రి 11:30

అన్నీ రెండేసి సార్లు చదివాను. పోస్టర్ ఆపమని డిజైనర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. దాని మీదికి మా మేనమామ ఫొటో వేస్తున్నాం, ఆయన సరే అన్నాడు, ఎంత సైజో కూడా చెప్పాను.

జంపఖానా ముందు మళ్లీ తీయడం మంచి ఆలోచనే, కానీ అది వేరే ఫొటో అవుతుంది. ఆ కళ్లద్దాలు తుడుచుకున్న క్షణం మళ్లీ చేయించలేను, చేయించకూడదు కూడా. కాబట్టి రేపు ఆదివారం పోయి ఆమెనే అడుగుతాను. ఆమె వద్దంటే మొదటి గోడ ఖాళీగా ఉంచుతాను, వేరే ఫొటోతో నింపను. లెక్చరర్ అక్కా, మీ వాడ కాబట్టి అడుగుతున్నా, ఏ టైముకు పోతే బాగుంటుంది? ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందా?

కొత్తవాడ బిడ్డ
శనివారం రాత్రి 11:52

మూడు దాటినాక పోండి, అప్పటిదాకా మగ్గం మీదనే ఉంటారు. ఫోన్‌లో చూపించకండి అన్నా. ఆ చిన్న తెర మీద ఆమెకు తన ముఖమే కనపడుతుంది, గోడ కనపడదు. కనీసం రెండడుగుల ప్రింట్ తీసుకుపోయి ఆ గోడకే ఆనించి పెట్టండి. ఆ పిల్ల కూడా ఇంట్లో ఉందో లేదో చూసుకుని అడగండి.