బొమ్మలు మానేసి విదేశీ సేవకు వెళ్ళడం: ట్రాటర్ ఉదాహరణ సరైనదేనా?

పాలకొల్లు తమ్ముడు:
ఆదివారం మా చర్చిలో లిలియాస్ ట్రాటర్ గురించి చెప్పారు. లండన్ చిత్రకారిణి. పూర్తిగా కళకే అంకితమైతే చాలా గొప్పదానివి అవుతావని జాన్ రస్కిన్ అంతటి విమర్శకుడు అన్నా, వద్దనుకుని 1888లో ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాకు మిషనరీగా వెళ్ళింది. అది విన్న దగ్గర్నుంచి మా చెల్లి ఫైన్ ఆర్ట్స్ సీటు వదిలేసి ఆఫ్రికా సేవకు వెళ్తానంటోంది. ఇంట్లో ఒకటే టెన్షన్. మీరేమంటారు?

నర్సాపురం అక్క:
తమ్ముడూ, కథ సగమే చెప్పినట్టున్నారు. ట్రాటర్ ఆ నిర్ణయం తీసుకుంది 1879 ప్రాంతంలో. అల్జీరియా వెళ్ళేసరికి దాదాపు తొమ్మిదేళ్ళు. ఈలోగా లండన్‌లోనే దిక్కులేని ఆడవాళ్ళ మధ్య పనిచేసింది. ఆరోగ్యం బాగోలేదని మిషన్ వాళ్ళు తీసుకోకపోతే, ఇద్దరు స్నేహితురాళ్ళతో సొంత ఖర్చుతో వెళ్ళింది. అంతేగానీ ఒక్క ప్రసంగం విని బయల్దేరలేదు. 1928లో అక్కడే కన్నుమూసేదాకా డైరీల్లో చిన్న చిన్న రంగుల బొమ్మలు వేస్తూనే ఉంది.

అలాగని ఏమీ పోలేదనను. మా అమ్మ లేసు అల్లుతుంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆర్నెల్లు సూది పట్టలేదు. మళ్ళీ కూర్చుంటే ఒక కుట్టు బిగువు, పక్కది వదులు. వారం పాటు అల్లింది అల్లినట్టే విప్పేసింది. రోజూ చేస్తేనే చేతిలో నిలిచే పని అది. బొమ్మైనా అంతే. చెల్లికి ఆ నష్టం దాచకుండా చెప్పండి.

రాజమండ్రి నుంచి:
నేను ఒప్పుకోనండి. పిలుపు వచ్చాక లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఎలా? రేపటికి భరోసా ఎవరికుంది? మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు ముప్పై నిండకుండానే 1925లో మశూచితో పోయాడు.

నర్సాపురం అక్క:
దామెర్ల పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నానండి. ఆయన్ని ప్రోత్సహించి బొమ్మలు నేర్చుకోవడానికి బొంబాయి పంపింది మీ రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే. ఉన్న ఆ కొద్ది ఏళ్ళలోనే అంత పని చేశాడంటే చదువు పూర్తి చేసుకున్నాడు కనక. ఈ రోజుకీ మీ ఊళ్ళో ఆయన గ్యాలరీకి వెళ్ళి నిలబడి చూస్తున్నాం. బొమ్మలు వేయడం తక్కువ పని, సేవ ఎక్కువ పని అని ఆ అమ్మాయికి నూరిపోయకండి. మన లేసు కూడా మిషనరీ దొరసానులు నేర్పిందే, ఎన్ని ఇళ్ళు నిలబెట్టిందో!

తమ్ముడూ, సీటు మళ్ళీ రాదు, ఆఫ్రికా ఎక్కడికీ పోదు. ముందు చెల్లి మనసులో ఏముందో అడిగారా?

పాలకొల్లు తమ్ముడు:
లేదక్కా. రాత్రి భోజనాల దగ్గర అడుగుతాను.