అక్టోబర్ ఆకలి నడక: చర్చిల వాళ్లతో కలవాలా, మనమే సొంతంగా పెట్టుకోవాలా?

దారినపోయే దానయ్య:
మన ఊరి చర్చిల కమిటీ ఏటా అక్టోబర్‌లో క్రాప్ హంగర్ వాక్, అంటే ఆకలి తీర్చడానికి విరాళాలు పోగుచేసే నడక, పెడుతుందని తెలిసిందే. 5 కిలోమీటర్లు. ఈసారి మన తెలుగు సంఘాన్ని కూడా టీమ్‌గా రమ్మన్నారు. కార్యవర్గంలో రెండు మాటలున్నాయి. వాళ్లతో కలిసి నడుద్దామని కొందరు, మన వాక్ మనమే పెట్టుకుని వచ్చిందంతా కౌంటీ ఫుడ్ బ్యాంక్‌కి ఇద్దామని కొందరు. అంచనా 150 మంది, 6,000 డాలర్లు. ఆదివారం మీటింగ్. ఈలోపు మీ మాట చెప్పండి.

లెక్కల మాస్టారు:
ముందు డబ్బు ఎటు పోతుందో చూడండి. క్రాప్ వాక్ అనేది చర్చ్ వరల్డ్ సర్వీస్ వాళ్లది. వసూలైనదంతా వాళ్లకు వెళ్తుంది, అందులో 25 శాతం దాకా ఊరి కమిటీ ఎంచుకున్న ప్యాంట్రీలకు, అంటే తిండి సామాను ఉచితంగా ఇచ్చే చోట్లకు, తిరిగొస్తుంది. 6,000లో 1,500. మిగతా 4,500 వేరే దేశాలకీ, తుఫాను బాధితులకీ, శరణార్థులకీ. మంచి పనే, కాదనను. కానీ ఫ్లయర్ మీద "మన ఊరి ఆకలి కోసం" అని వేసి ముప్పావు వంతు బయటికి పంపితే, రేపు అడిగినవాడికి ఏం చెప్తాం? సొంతంగా చేస్తే 6,000కి 6,000 ఇక్కడే.

ఉలవచారు:
మాస్టారితో ఏకీభవిస్తున్నా. టీషర్ట్ రంగు ఏంటి?

చిన్నక్క:
6,000కి 6,000 ఎలా అవుతుందండీ? పార్కు పర్మిట్ అడిగితే సిటీ వాళ్లు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, అందులో సిటీ పేరు కూడా చేర్చాలి. ఒక్కరోజు పాలసీ అయినా డబ్బు కట్టాల్సిందే. పార్కులో ఉన్న రెండు బాత్‌రూమ్‌లు 150 మందికి చాలవు, పోర్టబుల్ టాయిలెట్లు తెప్పించాలి. రోడ్డు మూయిస్తే పోలీసులకి గంటల లెక్కన కట్టాలి. అందుకే రూటు మొత్తం సైడ్‌వాక్ మీదే గీయాలి, సిగ్నల్ ఉన్నచోటే దాటించాలి, ప్రతి మలుపులో ఒక వాలంటీర్ ఉండాలి. స్ట్రోలర్లతో వచ్చేవాళ్లు 5 కిలోమీటర్లకి గంటన్నర తీసుకుంటారు. వాలంటీర్లు అరగంటలో ఇంటికెళ్లిపోతే చివరివాళ్లు దారి తప్పుతారు. ఇవన్నీ కమిటీ దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి. మనం నడవడమే.

లెక్కల మాస్టారు:
మీరు ఖర్చు చెప్పారు, నేను శాతం అడిగాను. 25కి జవాబు రాలేదు.

రాగిముద్ద:
క్రాప్‌లో సి అంటే క్రిస్టియన్. అది తెలిసే మాట్లాడుతున్నారా?

చిన్నక్క:
తెలుసు. 1947లో పెట్టినప్పుడు క్రిస్టియన్ రూరల్ ఓవర్సీస్ ప్రోగ్రామ్. ఇక్కడి రైతుల ధాన్యాన్ని యుద్ధంలో దెబ్బతిన్న దేశాలకు పంపేవాళ్లు. నడక తర్వాత వచ్చింది, 1969లో నార్త్ డకోటా బిస్మార్క్‌లో వెయ్యి మంది నడిచి 25,000 డాలర్లు పోగుచేశారు. బయటి దేశాల ఆకలి కోసమే పుట్టింది కాబట్టే ఇప్పటికీ అది అందులో ఉంది. అది దాచిపెట్టిన సంగతేం కాదు, మాస్టారూ.

మానేరు:
అన్నా, పైసలన్నీ మన ఊర్లనే ఉండాలంటే బోస్టన్ల వాక్ ఫర్ హంగర్ లెక్క చేసుకోవాలె. అది కూడా 1969లనే మొదలైంది, చాలా ఏండ్లు 20 మైళ్ల నడకగా ఉండేది. దాని పైసలు మసాచుసెట్స్‌లనే ఖర్చయితయి. కానీ దాని వెనుక ఏడాది పొడుగునా పని చేసే ఆఫీసు ఉన్నది. మన దగ్గర ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నది.

దారినపోయే దానయ్య:
హ హ. మరి కంపెనీ మ్యాచింగ్ సంగతి?

చిన్నక్క:
అసలు తేలాల్సింది అదే. మనవాళ్లలో సగం మందికి కంపెనీ మ్యాచింగ్ ఉంటుంది, అంటే మనం ఒక డాలర్ ఇస్తే కంపెనీ ఇంకో డాలర్ కలుపుతుంది. చెక్కు ఎవరి పేరు మీద రాస్తే మ్యాచింగ్ వాళ్లకే. సంఘం పేరు మీద రాసి, సంఘం ఫుడ్ బ్యాంక్‌కి ఇస్తే, కంపెనీ మ్యాచింగ్ పోర్టల్‌లో మన సంఘం లేకపోతే రెండో డాలర్ పోయినట్టే. క్రాప్ అయితే కొన్ని కంపెనీలు మత సంస్థల్ని మినహాయిస్తాయి, ఎవరికి వాళ్లు ముందే వెతుక్కోవాలి. ఫుడ్ బ్యాంక్ పేజీలో నేరుగా కడితే చిక్కు తక్కువ.

రాగిముద్ద:
పోయినసారి ఒక సంఘానికి 300 డాలర్లు ఇస్తే ఏప్రిల్ దాకా రసీదు లేదు. 250 దాటితే రాతపూర్వక రసీదు లేనిదే ట్యాక్స్‌లో చూపించలేం. ముందు అది తేల్చండి.

ఉలవచారు:
ముదురు ఆకుపచ్చ బాగుంటుంది. కాలర్ వద్దు.

మానేరు:
టీషర్ట్ 9 డాలర్లు. 150 మందికి 1,350. అంటే 6,000ల 22.5 శాతం. చర్చిలోళ్లు 25 శాతమే వాపస్ ఇస్తరని కొట్లాడుతున్నరు, మీ ఒంటిమీది బట్టకే దాదాపు అంత పోతున్నది.

లెక్కల మాస్టారు:
టీషర్ట్‌కి స్పాన్సర్ వస్తాడు.

మానేరు:
వచ్చే స్పాన్సర్‌ని ఆ పైసలు ఫుడ్ బ్యాంక్‌కే ఇయ్యమనరాదా?

చిన్నక్క:
అనరు. టీషర్ట్ వెనకాల సంఘం పేరు ఉండాలి. ముందునుంచీ ఇది శాతాల గొడవ కాదు, మాస్టారూ. బ్యానర్ గొడవ.

లెక్కల మాస్టారు:
సరే, బ్యానరే. తప్పేంటి? 20 ఏళ్లుగా ఇక్కడ ట్యాక్సులు కడుతున్నాం. ఊరికి మనం గుర్తొచ్చేది దీపావళి టపాకాయల మీద కంప్లయింట్ వచ్చినప్పుడే. వాళ్ల వాక్‌లో టీమ్ నంబర్ 14గా నడిస్తే ఎవరికి తెలుస్తుంది? ఊరికి ఇచ్చేవాళ్లం కూడా మనమేనని ఒక్కసారైనా కనబడాలి.

చిన్నక్క:
ప్యాంట్రీ లైన్‌లో నిలబడేవాళ్లలో కూడా మనవాళ్లున్నారు. పార్ట్‌టైమ్ గంటలు దొరకని స్టూడెంట్లు, ఉద్యోగం పోయి, వీసా ఇచ్చే 60 రోజుల గడువులో ఉన్న ఇళ్లు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి గానీ హెచ్-1బీ ఉద్యోగ వీసాకి గానీ ఫుడ్ స్టాంపులు, అంటే ప్రభుత్వం తిండికి ఇచ్చే సాయం, రావు. వాళ్లకు మిగిలింది ప్యాంట్రీయే.

లెక్కల మాస్టారు:
ఆ మాట అందరూ చదివే చోట రాయాలా? పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ చదువుతారు.

మానేరు:
చదవనీ అన్నా. మీ బ్యానర్ మీద లేనిది గదే. ఇచ్చేటోళ్లం మేము, తీసుకునేటోళ్లు ఇంకెవరో అన్నట్టు.

రాగిముద్ద:
స్టూడెంట్లు ప్యాంట్రీకెళ్తే వీసాకి ఇబ్బంది కదా?

చిన్నక్క:
ప్రైవేటు చారిటీ ఇచ్చే తిండి ప్రభుత్వ సాయం కిందికి రాదండీ. ఎక్కువ ప్యాంట్రీలు పేరు, జిప్ కోడ్, ఇంట్లో ఎంతమంది అని అడుగుతాయి, వీసా అడగవు. యూనివర్సిటీ ప్యాంట్రీకి ఐడీ కార్డు చాలు. వెళ్లనిది భయం వల్ల కాదు, పక్కింటి ఆంటీ చూస్తుందని.

ఇంకోటి. పోయినేడు మనవాళ్లు పట్టుకెళ్లిన సామానులో సగం వెనక్కొచ్చింది. 20 పౌన్ల సోనా మసూరి బస్తా విప్పి జిప్‌లాక్ కవర్లలో పోస్తే తీసుకోరు, ఫ్యాక్టరీ సీలు, ఇంగ్లీషులో పదార్థాల లేబుల్ ఉండాలి. ఇంట్లో పెట్టిన ఆవకాయ అసలే కుదరదు. కొన్నిచోట్ల గాజు సీసా ఏదైనా వద్దంటారు, పగిలితే పక్కనున్న డబ్బాలన్నీ పారేయాలి. సీలున్న 2 పౌన్ల బియ్యం, కందిపప్పు ప్యాకెట్లు తెస్తే మన పిల్లలూ తీసుకుంటారు, పక్కవాళ్లూ తీసుకుంటారు.

దారినపోయే దానయ్య:
మంచినీళ్ల లెక్క ఎవరైనా చెప్పండి, షాపింగ్ లిస్టు రాస్తున్నా.

మానేరు:
150 మందికి తలా రెండు కప్పులు, 8 ఔన్సులది. గ్యాలన్‌కు 16 కప్పులు. 19 గ్యాలన్లు. 5 గ్యాలన్ల జగ్గులు నాలుగు. బాటిళ్లు కొంటే చెత్త మనమే ఎత్తాలె.

లెక్కల మాస్టారు:
1,350కి 2 పౌన్ల పప్పు ప్యాకెట్లు ఎన్ని వస్తాయో రేపు హోల్‌సేల్ షాపులో అడుగుతాను. స్పాన్సర్‌తో కూడా మాట్లాడతాను. చర్చిల టీమ్‌లో నడవడానికి ఇప్పటికీ నేను ఒప్పుకోవడం లేదు. బ్యానర్ ఒకటి ఉండాల్సిందే, చిన్నదైనా.

ఉలవచారు:
అంటే టీషర్టులు లేనట్టేనా?