‘పిక్చర్ ఇన్ లిటిల్’: మధ్యలో యాభై ఉందా, లేదా?

ఉలిపికట్టె: కొన్నాళ్ళుగా ఒక వాక్యం వదలడం లేదు. షేక్స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో నటుల బృందం కోటకి వచ్చే ఘట్టం. నాన్న బతికున్నంతకాలం బాబాయిని వెక్కిరించినవాళ్ళే ఇప్పుడాయన ‘పిక్చర్ ఇన్ లిటిల్’ (అరచేతిలో పట్టే చిన్న ముఖచిత్రం, మినియేచర్) కోసం ఇరవై, నలభై, వంద డుకాట్లు, అంటే బంగారు నాణేలు, పోస్తున్నారంటాడు హామ్లెట్. నలభైకీ వందకీ మధ్య యాభై ఉందా? పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు మినియేచర్ చిత్రకారుడు ఓజియస్ హంఫ్రీ మీద వ్యాసం రాస్తున్నాను, మొదట్లో ఈ మాట పెడదామని. ‘ఇన్ లిటిల్’కి తెలుగు కూడా చెప్పండి. లఘుచిత్రం అంటే షార్ట్ ఫిలిం అనుకుంటారు.

నల్లసిరా: రెండో క్వార్టోలో (నాటకం విడిగా అచ్చయిన పాత ప్రతి) యాభై ఉంది, 1623 ఫోలియోలో (షేక్స్పియర్ నాటకాల సంపుటి) లేదు. లేకపోతేనే బాగుంటుంది. ఇరవై, నలభై, ఆపైన ఒక్క గెంతులో వంద. యాభై చేరిస్తే వేలంపాట అయిపోతుంది.

గోదారిగట్టు: వేలంపాటనే కదండీ ఆయన వెక్కిరిస్తున్నది! యాభై ఉండాల్సిందే. అన్నట్టు హంఫ్రీకి వంద నిజంగానే ముట్టింది. చిత్రకారులకు మోడల్‌గా కూర్చునే జాన్ మీలింగ్ బొమ్మ 1766లో ప్రదర్శనకి పెడితే, రాజు మూడో జార్జి వంద గినీలిచ్చి కొన్నాడు. మీ వ్యాసం మొదలు అక్కడుంది, హామ్లెట్ దాకా ఎందుకు?

పాతపుస్తకాలపురుగు: సూక్ష్మచిత్రం అని మాత్రం అనకండి మహాప్రభో. మినియేచర్‌లోని ‘మిని’కి చిన్నదనంతో చుట్టరికం లేదు. లాటిన్ మినియం అంటే సీసంతో చేసే ఎర్రరంగు, మన సిందూరమే. రాతప్రతుల్లో మొదటి అక్షరాలకి పూసేవారు. ‘చిన్న’ అనే అర్థం ఆ తర్వాత వచ్చి అంటుకుంది. నా ఓటు ‘సిందూరచిత్రం’కి.

నల్లసిరా: సిందూరచిత్రం అంటే ఆంజనేయస్వామి పటం అనుకుంటారండీ. పైగా హంఫ్రీ కాలానికి పని జరిగేది దంతపు రేకు మీద, నీటిరంగులతో. షేక్స్పియర్ రోజుల్లో పేకముక్కకి అంటించిన పల్చటి దూడతోలు మీద వేసేవారు. దంతం వాడుక 1700 ప్రాంతంలో వెనిస్‌లో రోసాల్బా కరియెరాతో మొదలైంది. నున్నటి దంతం మీద నీటిరంగు నిలవదు. అందుకే రేకుని రుద్ది, జిడ్డు తీసి, చుక్కలూ సన్నగీతలతో ముఖం తేవాలి. హామ్లెట్ నాటి మొనగాడు హిల్యర్డ్‌ది ఎక్సెటర్, హంఫ్రీది హానిటన్. ఇద్దరూ ఇంగ్లండ్‌లో డెవన్ వాళ్ళే!

వెన్నెలగుడి: ఇంట్లో ‘చిత్తరువు’ పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారేమిటి? పోతన చిత్రలేఖని తలచుకోండి. తన చెలి ఉషకి కలలో కనబడినవాడెవరో తేల్చడానికి వరసగా అందరి బొమ్మలూ వేసుకుంటూ పోతుంది. పోలిక పట్టుకోవడమంటే అది. ప్రద్యుమ్నుడి బొమ్మ చూసి ఉష సిగ్గుపడుతుంది చూడండి, మామగారని ఇంకా తెలియకుండానే! ఆ ఒక్క చోటు కోసం దశమస్కంధం మళ్ళీ మళ్ళీ తెరుస్తాను.

పాతపుస్తకాలపురుగు: పోతనని కాదనేవాళ్ళెవరు? కానీ చిత్రలేఖ వేసింది అరచేతిలో పట్టే బొమ్మ కాదే. ఇంకోటి, చిత్తరువులో ‘రువు’ ఎక్కడిది? ‘చిత్రరూపు’ అరిగి అలా అయిందని నా అనుమానం. అలాగైతే అందులో ‘చిన్న’ లేదు, ‘రూపు’ ఉంది.

గోదారిగట్టు: మా అమ్మమ్మ ‘చిత్తరుబొమ్మ’ అనేది. మీ లెక్కన రూపు ఉంటే, మళ్ళీ బొమ్మ ఎందుకు తగిలించినట్టు? ఆ ‘రు’ రూపు కాదు సార్.

పాతపుస్తకాలపురుగు: ‘నడిసెంటర్’ అనడం లేదా మనం? మాట అర్థం మరిచిపోయాక పక్కన ఇంకోటి చేరుతుంది.

ఉలిపికట్టె: అయ్యా, నా హంఫ్రీ! బాత్ అనే ఊళ్ళో శామ్యూల్ కాలిన్స్ దగ్గర పని నేర్చి, చిత్రకారుడు రెనాల్డ్స్ ప్రోత్సాహంతో లండన్ చేరాడు. 1772లో గుర్రం మీంచి పడ్డాక కళ్ళు దెబ్బతిన్నాయి. మరుసటేడు ఇంకో చిత్రకారుడు రామ్నీతో ఇటలీ వెళ్ళాడు. 1785లో కలకత్తా, అక్కణ్ణించి లక్నో. నవాబు దగ్గర రావలసిన డబ్బు రానేలేదు. 1787కల్లా తిరుగుముఖం. చివరికి సన్నపని మాని పాస్టెల్స్ (రంగుసుద్దలు) పట్టాడు, 1797లో చూపు పూర్తిగా పోయింది. దీనికి వందో యాభయ్యో తేలాలిగా?

వెన్నెలగుడి: కవీ చిత్రకారుడూ అయిన విలియం బ్లేక్‌ని వదిలేశారేం? 1808లో తన ‘చివరి తీర్పు’ బొమ్మలో ఎవరెవరు ఎక్కడున్నారో వర్ణిస్తూ ఉత్తరం రాసింది ఈ హంఫ్రీకే. చూపు లేని చిత్రకారుడికి బొమ్మని మాటల్లో చూపించాడండీ! నా దృష్టిలో బ్లేక్ రాసిన వచనంలో అదే మేలైనది.

నల్లసిరా: లక్నో దాకా ఎందుకు, అదే 1785లో ఇంకో మినియేచర్ చిత్రకారుడు జాన్ స్మార్ట్ మన మద్రాసులో దిగి పదేళ్ళు ఉన్నాడు. ఆర్కాటు నవాబుని వేశాడు. ఇక్కడ వేసిన వాటిమీద సంతకం, సంవత్సరంతో పాటు ‘ఐ’ అని ఒక అక్షరం పెట్టేవాడు, ఇండియా అని గుర్తు. రాస్తే అతని మీద రాయాలి.

గోదారిగట్టు: స్మార్ట్ చేతిలో ముఖాలన్నీ ఇస్త్రీ చేసినట్టుంటాయి. నాకు హంఫ్రీయే ఇష్టం.

ఉలిపికట్టె: సరే, యాభై ఉంచేస్తున్నాను. చిత్తరువా కాదా అన్నది మీరే తేల్చండి.

నల్లసిరా: ఫోలియో చూడకుండానే ఉంచేస్తారా?

పాతపుస్తకాలపురుగు: ‘రు’ సంగతి నేను వదల్లేదు. రేపు నిఘంటువులు దింపుతాను.