సమస్యాపూరణం: “చచ్చినాతఁడె మెప్పించె సభలనెల్ల”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. నిన్న రాత్రి ‘ది డార్క్ నైట్’ మళ్లీ చూశాను. ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ వచ్చిన మూడేళ్లకు, 2008లో, క్రిస్టఫర్ నోలన్ తీసిన రెండో భాగం. చివర్లో పేర్లు పడుతుండగా ఈ పాదం నాలుక మీదికి వచ్చి కూర్చుంది. మీకు అప్పగించేదాకా నిద్ర పట్టేలా లేదు. చిత్రాన్నీ, విమర్శకులూ ప్రేక్షకులూ దాన్ని ఆదరించిన తీరునూ దాటి పోవద్దు. మిగతాది మీ ఇష్టం.

చచ్చినాతఁడె మెప్పించె సభలనెల్ల

పాత రీలు:
జనవరిన నేల రాలిన చంద్రుఁ డతఁడు
వెండితెరపైన జూలైన వెలుఁగుచుండె;
తల్లిదండ్రులె యాస్కరు తాము గొనిరి;
చచ్చినాతఁడె మెప్పించె సభలనెల్ల.

చిత్రంలో ప్రతినాయకుడు జోకర్‌గా నటించిన హీత్ లెడ్జర్ 2008 జనవరి 22న కన్నుమూశాడు. చిత్రం జూలై 18న విడుదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న ఉత్తమ సహాయ నటుడి ఆస్కర్ ప్రకటిస్తే, కన్నవాళ్లు వేదికెక్కి అందుకున్నారు. సభంతా లేచి నిలబడింది. ఇంతకు మించి కల్పన అవసరం లేదనిపించింది.

యతిభిక్షువు:
పాత రీలు గారి నాలుగు పాదాల్లోనూ యతి కుదిరింది. మనసారా అభినందిస్తున్నాను, పోయిన నెల నేను అడిగింది ఇదే. అయితే ఒక సందేహం. జనవరిలో నేల రాలిన చంద్రుడు ఎవరు? ‘నెట్‌వర్క్’ నటుడు పీటర్ ఫించ్ కూడా 1977 జనవరి 14న పోయాడు. మరణించాక నటనకు ఆస్కర్ పొందిన మొదటివాడు ఆయన, రెండోవాడు లెడ్జర్. ఇద్దరికీ ఆస్ట్రేలియాతో ముడి ఉంది. మీ మొదటి పాదం, సమస్య పాదం రెండూ ఫించ్‌కూ అతుకుతాయి. పేరు లేని పద్యం మరొకరి మీదికి పోకుండా కవే కట్టడి చేయాలి.

వేకువపిట్ట:
ఆ కట్టడి రెండో పాదంలోనే ఉంది కదండీ. జనవరిలో రాలినవాడు జూలైలో తెర మీద వెలిగాడు. ఫించ్ విషయంలో చిత్రం ముందు వచ్చింది, మరణం తరువాత వచ్చింది. మూడో పాదం ఇంకా బిగువు: ఫించ్ బహుమతిని ఆయన భార్య అందుకుంది, తల్లిదండ్రులు కాదు. పద్యంలో పేరు చెప్పకుండా నెలల వరసతోనే మనిషిని పట్టించడం నాకు ఎంతో నచ్చింది. ఒక్క లోటు: ఆ రోజు వేదిక మీద లెడ్జర్ అక్క కూడా ఉంది. “తల్లిదండ్రులె” అన్న ఏవకారం, వాళ్లే అని నొక్కిచెప్పే ఆ ‘ఎ’, ఆమెను పక్కకు నెట్టేసింది.

పాత రీలు:
అక్కను మరిచిపోలేదమ్మా. గణాలు ఆమెకు చోటివ్వలేదు. “కన్నవారలు నక్కయుఁ గలసి కొనిరి” అని కూడా అనుకున్నాను. కానీ ఆస్కర్ మాట జారిపోతోంది. పద్యంలో బహుమతి పేరు వినిపించడమే ముఖ్యమనుకున్నాను, ఇప్పటికీ అదే నా మాట.

చికాగో కాపురం:
మా ఊళ్లో తీసిన చిత్రం కాబట్టి ఊరుకోలేకపోయాను. లాసాల్ వీధిలో ఆ పెద్ద లారీ ముక్కు మీద లేచి వెల్లకిలా పడిన దృశ్యం ఎవరూ మరిచిపోరు. నిజంగానే లారీని తిప్పేశారు, కంప్యూటర్ బొమ్మ కాదు. నా పూరణం ఆ వెంటనే జరిగేదాని మీద.

మేయరును గాచి నేలపై మేను వాల్చె
గోర్డను గతించె నని యిల్లు గొల్లుమనియె
జోకరును వెన్కనుండి తాఁ జుట్టి పట్టె
చచ్చినాతఁడె మెప్పించె సభలనెల్ల.

చచ్చిపోయాడనుకున్న పోలీసు అధికారి గోర్డన్ వ్యానులోంచి దిగి శిరస్త్రాణం తీసేసరికి హాలంతా చప్పట్లు. సభ అంటే ఇక్కడ థియేటర్.

పాత రీలు:
రెండో పాదం అద్భుతం. “ఇల్లు గొల్లుమనియె” అన్న ఒక్క మాటలో గోర్డన్ భార్య గుమ్మం దగ్గర బ్యాట్‌మన్ మీద అరిచిన అరుపంతా ఉంది. కానీ మూడో పాదం చిత్రం చూసినవాళ్లు ఒప్పుకోరు. చుట్టి పట్టడం ఎక్కడ జరిగింది? పడిపోయిన బ్యాట్‌మన్ ముసుగు తీయబోతున్న జోకర్ తల వెనుక తుపాకి గొట్టం ఆనుతుంది. ఆ నిశ్శబ్దంలోనే మజా అంతా ఉంది. ఇలా మార్చి చూడండి:

జోకరు తలవెన్కఁ దుపాకిఁ జూపి నిలిచె

చికాగో కాపురం:
తీసుకున్నాను గురువుగారూ. “నిలిచె” అనగానే దృశ్యం ఆగినట్టయింది.

యతిభిక్షువు:
గోర్డన్ నిజంగా చావలేదు కాబట్టి సమస్య వీగిపోయినట్టే తప్ప పూరించినట్టు కాదని నా అభిప్రాయం. చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి, అయినా మెప్పించాలి. నేను పాదాన్నే విరిచాను. జాగ్రత్తగా చదవండి.

పెదవి నాలుక తడుపుచు బిట్టు నవ్వె
నటుఁడు లేఁడన్న మాటయే నమ్మరైరి
కనులయందును దడి నిల్చెఁ గాంచువారి
చచ్చినా తడె మెప్పించె సభలనెల్ల.

చచ్చినా, తడె మెప్పించె. జోకర్ మాటిమాటికీ పెదవులు నాకడం గుర్తుంది కదా. నోటి పక్కన అతికించిన మచ్చలు ఊడిపోకుండా చూసుకునే ప్రయత్నంలో పుట్టిన అలవాటది అంటారు. లెడ్జర్ దాన్ని పాత్రలోకి లాగేసుకున్నాడు. పెదవి మీద ఒక తడి, చూసినవాళ్ల కంట ఇంకో తడి.

వేకువపిట్ట:
ఇది చదివి కుర్చీలోంచి లేచాను. “తఁడె”లోంచి తడి పిండడం మామూలు చేయి చేసే పని కాదు. విరుపు కోసం విరుపు చేయలేదు. ఆ నటుడి నోటి దగ్గరికి మనల్ని తీసుకెళ్లారు. మూడో పాదంలో “కాంచువారి”ని చివరికి నెట్టడం వల్ల ముందు తడి కనిపించి, ఆ తరువాతే అది ఎవరిదో తెలుస్తుంది.

పాత రీలు:
మెచ్చుకోవలసినదే. మెచ్చుకుంటూనే మూడు అభ్యంతరాలు చెబుతాను. సమస్యలో “తఁడె” అని అరసున్న ఉంది, తడికి అరసున్న లేదు. తడికి ఏవకారం చేరితే “తడియె” అవుతుంది. ఇకారానికి ఇక్కడ సంధి రాదు. ఇక “చచ్చినా” వ్యావహారికం, పద్యంలో “చచ్చినను” ఉండాలి. ఇవే మాటలు నా పద్యంలో దొర్లితే యతిభిక్షువు గారు ఊరుకునేవారా? ‘గబ్బిలము పట్టపగలెల్లఁ గాంతి నిచ్చె’ సమస్యకు నేను

గొంతు జీరవోయిన వీరు కూఁత వినిన

అని మొదలుపెడితే, ‘వీరుడికి కూత ఏమిటి, అది రైలుకూ కోడికీ’ అని మూడు రోజులు నన్ను వదల్లేదు. బ్యాట్‌మన్ పాత్రధారి క్రిస్టియన్ బేల్ ముసుగు వేసుకోగానే పెట్టే ఆ బొంగురు గొంతు గురించి ఎందరో విమర్శకులు ఫిర్యాదు చేశారు. చిత్రాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు కూడా ఆ ఒక్క విషయంలో తగ్గలేదు. నేను అన్నది వాళ్ల మాటే.

యతిభిక్షువు:
ఆ గొంతును గొంతుగానే విమర్శించండి, ఒప్పుకుంటాను. కానీ కూత అనగానే ఆ మనిషి బాధంతా పోయి శబ్దం మిగిలింది. నా అభ్యంతరం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. ఇక అరసున్న సంగతి: అవధాన సభలో పృచ్ఛకుడు పాదాన్ని నోటితో ఇస్తాడు. చెవికి వినపడని అరసున్న పట్టుకుని పూరణాన్ని కొట్టేసిన అవధానిని నేను చూడలేదు. “తడె” సంధి మాత్రం సమస్య కోసం తీసుకున్న చనువు. శ్లేషకు ఆ మాత్రం చనువు ఇవ్వకపోతే విరుపులన్నీ మానేయాలి.

చికాగో కాపురం:
నాదో మౌలికమైన ప్రశ్న. “సభలనెల్ల” అన్నారు. ఎల్ల సభలూ మెచ్చాయా? విడుదలకు ముందే ప్రతికూలంగా రాసిన న్యూయార్క్ విమర్శకుల మీద అభిమానులు విరుచుకుపడ్డారు. చిత్రం మరీ చీకటిగా ఉందనీ, హింస ఊపిరాడనివ్వడం లేదనీ వాళ్ల బాధ. బ్రిటన్‌లో పెద్దల వెంట పన్నెండేళ్ల లోపు పిల్లలూ చూడవచ్చనే 12ఏ ధ్రువపత్రం ఇచ్చినందుకు తల్లిదండ్రులు సెన్సార్ బోర్డుకు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పంపారు. బల్ల మీద పెన్సిల్‌తో జోకర్ ఒకణ్ణి చంపి చూపిన ‘మాయాజాలం’ ఎనిమిదేళ్ల పిల్లవాడు చూడవలసినదా? అకాడమీ కూడా ఎనిమిది నామినేషన్లు ఇచ్చి, ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు పట్టికల్లో చోటివ్వలేదు. మరుసటి ఏడాది ఉత్తమ చిత్రం నామినేషన్లను అయిదు నుంచి పదికి పెంచడానికి ఆ రభస కూడా ఒక కారణమని చాలామంది నమ్మకం.

పాత రీలు:
మంచి ప్రశ్న. కానీ సమస్య ఏమంటోంది? చిత్రం మెప్పించిందని అనలేదు, చచ్చినాతడు మెప్పించాడని అంటోంది. చిత్రాన్ని తిట్టినవాళ్లలో కూడా లెడ్జర్‌ను తిట్టినవాళ్లను వెతకవలసిందే. గోల్డెన్ గ్లోబ్, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్, బాఫ్టా, ఆస్కర్: నాలుగు సభల్లోనూ అతడే. “ఎల్ల” అన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇక జనసభ అంటారా, మొదటి మూడు రోజుల్లోనే అమెరికాలో 15 కోట్ల 80 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటికి అదే రికార్డు. ప్రపంచమంతా కలిపి వంద కోట్ల డాలర్లు దాటింది. ప్రేక్షకులు మార్కులు వేసే ఐఎండీబీ పట్టికలో ‘గాడ్‌ఫాదర్’ను కిందికి దింపి కొన్నాళ్లు మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. ఆ పని మాత్రం నాకు నచ్చలేదు. ఒక చిత్రాన్ని ప్రేమించడానికి ఇంకో చిత్రానికి ఒక్క మార్కు వేయడం రసికత కాదు.

యతిభిక్షువు:
ఈ చివరి మాటకు పాత రీలు గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

వేకువపిట్ట:
అందరూ నటుడి దగ్గరే ఆగారు. కథలో నిజంగానే చచ్చి, నిజంగానే ఊరంతటినీ మెప్పించినవాడు ఇంకొకడున్నాడు.

సగము మొగమున హంతయై చచ్చె డెంటు
నింద గబ్బిలమున కంట, నిజము దాఁచి
పురము వీరునిగా డెంటును బొగడెనయ్య
చచ్చినాతఁడె మెప్పించె సభలనెల్ల.

ముఖం సగం కాలిన ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ చేసిన హత్యలు బ్యాట్‌మన్ తన నెత్తిన వేసుకుంటాడు. బతికి ఉన్న మంచివాడి వెంట పోలీసు కుక్కలు పడతాయి, చచ్చిన హంతకుడి చిత్రపటం ముందు గోర్డన్ కీర్తన చదువుతాడు. విడుదలైన నెలలోనే ఒక అమెరికన్ పత్రిక బ్యాట్‌మన్‌ను అప్పటి అధ్యక్షుడు బుష్‌తో పోల్చి పొగిడిందంటే, ఈ అబద్ధం ఎంత లోతుగా గుచ్చుకుందో చూడండి. ఊరి మేలు కోసం అబద్ధమాడవచ్చా అన్నదే అందరి తగవు.

పాత రీలు:
భావం శిఖరం. కానీ మూడో పాదంలో ఒక అక్షరం ఎక్కువైంది. “డెంటును”లో “ను” వల్ల గణం చెడింది, యతి “బొ” మీద పడవలసింది “ను” మీద పడింది.

యతిభిక్షువు:
“ను” తీసేస్తే చాలు. “పురము వీరునిగా డెంటుఁ బొగడెనయ్య.” ద్వితీయకు అరసున్న మిగులుతుంది, అర్థమూ పోదు. ఇంత మంచి పద్యాన్ని ఒక్క అక్షరానికి వదులుకోకూడదు. నేనూ పాత రీలు గారూ ఒకే పాదం మీద ఒకే మాట చెప్పడం ఇక్కడ ఇదే మొదటిసారి అనుకుంటాను.

వేకువపిట్ట:
“డెంటుఁ బొగడెనయ్య” ఖాయం. ఇద్దరికీ కృతజ్ఞతలు.

నిర్వాహకుడు:
నా తీర్పు. ఈ పాదంలో అసలు బరువు “ఆతఁడె” అన్న ఏవకారం మీద ఉంది: చచ్చినవాడే, బతికినవాడు కాదు. పాత రీలు గారి పద్యంలో కన్నీరుంది కానీ, ఎదుట నిలిచే బతికినవాడు లేడు. గోర్డన్ పద్యంలో చచ్చినవాడూ బతికినవాడూ ఒక్కరే. యతిభిక్షువు గారు ఏవకారాన్నే తడికి తగిలించారు. ఆ విరుపు నేను చాలాకాలం చెప్పుకుంటాను, కానీ “తడియె” అన్న అభ్యంతరం నిలుస్తుంది. బతికినవాడు నింద మోస్తుండగా చచ్చినవాడే మెప్పించడం వేకువపిట్ట గారి పద్యంలో ఒక్కదానిలోనే ఉంది. సవరించిన మూడో పాదంతో ఈ వారం బహుమతి ఆమెది.

వచ్చే వారానికి, జోకర్ నోట్ల గుట్టకు నిప్పు పెట్టిన దృశ్యం తలుచుకుంటూ:

కాసులను గాల్చినాతఁడె ఘనుఁ డనఁబడె

యతిభిక్షువు:
“కాల్చి” దగ్గర విరవడానికి చోటుంది. పాత రీలు గారు అరసున్నలు ఇప్పుడే లెక్కపెట్టుకోవచ్చు.

పాత రీలు:
లెక్కపెట్టాను. మూడు.