అప్‌డేట్: నా విల్లు కింది లింబ్ మెలిక పోయింది, స్టాకింగ్ మాత్రం ఇంకా ఉంది

ఇంతకుముందు నేను అడిగింది రెండు విషయాలు. చేత్తో చేసిన చెక్క రికర్వ్‌లో (కొసలు ముందుకి వంగి ఉండే విల్లు) నారి కింది లింబ్ (పిడికి కింద వంగే భాగం) వంపు దగ్గర ఒక పక్కకి జరుగుతోంది. పైగా చివరి రెండు అంగుళాల లాగుడు ఒక్కసారిగా బరువెక్కుతోంది, దీన్నే స్టాకింగ్ అంటారు. జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

లింబ్ ఎప్పుడూ బలహీనమైన అంచు వైపే మెలి తిరుగుతుందని, గట్టిగా ఉన్న రెండో అంచునే తగ్గించమని ఒకరు చెప్పారు కదా, అదే పనిచేసింది. సన్న గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దడం, నారి ఎక్కించడం, విల్లుని నిలువుగా పట్టుకుని నారి వెంట చూడడం, దించి మళ్లీ రుద్దడం. ఓపిక కావాలి. ఇప్పుడు నారి కొస నుంచి పిడి దాకా లింబ్‌ని సరిగ్గా సగానికి చీలుస్తూ కనిపిస్తోంది. చూస్తుంటే ఎంత ఆనందంగా ఉందో!

మందం మాత్రం ముట్టుకోలేదు. వెడల్పు 10 శాతం తగ్గితే బిగువు కూడా దాదాపు అంతే తగ్గుతుంది. మందం 10 శాతం తగ్గితే ఏకంగా 27 శాతం పోతుంది, ఎందుకంటే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం తీసేయమన్నవాళ్ల మాట అందుకే పక్కన పెట్టాను.

స్టాకింగ్ రుద్దితే పోయేది కాదని తేలింది. పూర్తిగా లాగినప్పుడు కొస దగ్గర నారికీ లింబ్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకు చేరుతోంది, చివర్లో బరువెక్కేది అందుకే. నా లాగుడు పొడవుకి ఈ విల్లు పొట్టి. తర్వాతి దాన్ని ఇంకాస్త పొడవుగా, కొసల వంపు కొంచెం ఎక్కువగా గీస్తున్నాను.