ఎండలో పనికి అంచు టోపీయా, తలగుడ్డా?

జీడితోట_పలాస:
అందరికీ నమస్కారం. పలాస దగ్గర మాకు జీడితోట ఉంది. మార్చి నుంచి మే దాకా పిక్కల పని. నాన్నగారికి 65 దాటాయి, పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం వరకు తోటలోనే ఉంటారు. ఆయనకీ, పిక్కలు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళకీ వెడల్పు అంచు టోపీలు కొందామనుకుంటున్నాను. ఇక్కడి షాపుల్లో క్రికెట్ టోపీలు తప్ప కనిపించలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే వందల రకాలు. అంచు ఎంత ఉండాలి? గుడ్డది మంచిదా, గడ్డిదా?

సర్వే_గొలుసు:
బాబూ, నా ఉద్యోగమంతా సర్వే పనే. బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఎండలోనే తిరిగాను. అంచు చుట్టూ ఉండాలి, కనీసం 3 అంగుళాలు, అంటే 7.5 సెంటీమీటర్లు. క్రికెట్ టోపీ నుదుటికి తప్ప దేనికీ పనికిరాదు, చెవులూ మెడా ఎండలోనే ఉంటాయి.

కొనే ముందు టోపీని వెలుతురుకి ఎత్తి చూడండి. అల్లిక సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే ఎండ కూడా అలాగే దిగుతుంది. చవక గడ్డి టోపీలు చాలావరకు ఇంతే. యూపీఎఫ్ 50 అని చీటీ ఉంటే అతినీలలోహిత కిరణాల్లో 2 శాతమే గుడ్డ దాటి వస్తాయని అర్థం. పైన లేత రంగు, అంచు అడుగున ముదురు రంగు ఉన్నది చూడండి. అడుగు తెల్లగా ఉంటే నేల మీద పడి లేచిన వెలుగు మళ్ళీ కళ్ళలోకే కొడుతుంది. లోపల చెమట పీల్చే నూలు పట్టీ, పక్కన గాలి ఆడే చిల్లులు, గడ్డం కింద తాడు. ఇవన్నీ ఉండాలి.

లావేరు_మొక్కజొన్న:
మాస్టారూ, ఇంత లెక్క దేనికి? తువ్వాలు ఉంది కదా. చెవులు కప్పుతుంది, మెడ కప్పుతుంది, చెమట తుడుచుకోవచ్చు, తడిపి చుట్టుకుంటే తల చల్లబడుతుంది. మా తాతలు తలపాగాతోనే సేద్యం చేశారు. టోపీ గాలొస్తే పక్క చేలో ఉంటుంది.

కళింగపట్నం_అల:
సముద్రం గాలికి తాడు లేని టోపీ ఆగదు. తాడు ఉన్నదే కొనండి.

సర్వే_గొలుసు:
తువ్వాలు కళ్ళకి నీడ ఇవ్వదండీ. మా నాన్నగారు బతికినంత కాలం తలగుడ్డతోనే పొలం చేశారు. రెండు కళ్ళలోనూ ముక్కు వైపు నుంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదికి వచ్చేసింది. ఎండలో పనిచేసేవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుందని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి అంచు లేని దేన్నీ నేను నమ్మను.

తడిపి చుట్టుకుంటే చల్లదనం అన్నారు. నీరు ఆవిరైతేనే చల్లదనం. అనంతపురం పొడిగాలిలో అది బాగా పనిచేస్తుంది. మన తీరంలో మే నెల ఉక్కలో గాలే తేమతో నిండి ఉంటుంది, కాసేపటికే గుడ్డ వెచ్చబడిపోతుంది. పైగా పల్చటి తెల్ల నూలుగుడ్డ తడిస్తే, పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ ఎండని లోపలికి వదులుతుంది.

లావేరు_మొక్కజొన్న:
కళ్ళ సంగతి తర్వాత. ముందు చెవుల సంగతి చెప్పండి. 3 అంగుళాల అంచు చెవిని కప్పుతుందా, కప్పదా?

సర్వే_గొలుసు:
నడిమధ్యాహ్నం కప్పుతుంది. మే నెల మధ్యలో శ్రీకాకుళంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనం తూర్పున ఉన్నాం కాబట్టి గడియారంలో 12 కాకముందే వస్తాడు. అప్పుడు అంచు నీడ చెవుల మీదా మెడ మీదా నిలువునా పడుతుంది. పొద్దున్న 8 గంటలకి ఎండ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఏ అంచూ పూర్తిగా ఆపదు. కానీ అప్పుడు కిరణాల బలమూ తక్కువే.

లావేరు_మొక్కజొన్న:
అంటే 8 గంటలకి కప్పదు. తువ్వాలు కప్పుతుంది. నేను అడిగింది అదే.

విజయనగరం_కోట:
సైజు కోసం: నుదుటి మధ్య నుంచి చెవుల పైగా టేపు చుట్టి కొలవండి. ఒక వేలు పట్టేంత వదులు ఉంచండి. బిగువుగా ఉంటే గంటలో తలనొప్పి వస్తుంది.

నౌపడ_ఉప్పు:
మీరిద్దరూ నిటారుగా నిలబడిన మనిషి గురించే వాదించుకుంటున్నారు. తమ్ముడు అడిగింది పిక్కలు ఏరే ఆడవాళ్ళ గురించి కూడా. వాళ్ళు పూటంతా వంగే ఉంటారు. వంగిన మనిషికి ఎండ ముఖానికి కాదు, మెడ వెనక, వీపు మీద తగులుతుంది. ముందు అంచు ఎంతుంటే ఏం లాభం?

ఇంకోటి. మా జుట్టు ముడి మీద ఏ టోపీ కూర్చోదు, పైకి లేచి నిలబడుతుంది. టోపీలు తయారుచేసేవాళ్ళు ముడి ఉన్న తలని ఎప్పుడైనా చూశారా అనిపిస్తుంది. ఏరిన పిక్కలు తట్టకెత్తి నెత్తిన పెట్టుకోవాలంటే టోపీ తీసెయ్యాలి, చుట్టకుదురు పెట్టుకోవాలి. ఉప్పు మళ్ళలో మా సంగతి ఇంకా కష్టం. నేలంతా తెల్లగా ఉంటుంది, వెలుగు కింద నుంచి కొడుతుంది. దాన్ని ఏ అంచూ ఆపదు. అందుకే చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా వేసుకుంటాం, ముఖానికి గుడ్డ చుట్టుకుంటాం.

సర్వే_గొలుసు:
అమ్మా, మీరు చెప్పింది సరైన మాట. ఇసుక మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతం తిరిగి పైకి వస్తాయి, అలల నురగ దగ్గర 25 శాతం దాకా వస్తాయి. వంగి చేసే పనికి మెడ వెనక గుడ్డ వేలాడే టోపీలు ఉన్నాయి. ముడి కిందికి, మెడ మీదికి వేసుకుంటే టోపీ కూర్చుంటుంది.

లావేరు_మొక్కజొన్న:
మెడ వెనక వేలాడే ఆ గుడ్డనే మేం తువ్వాలు అంటాం. దానికి 600 రూపాయలు దేనికి?

సర్వే_గొలుసు:
పట్టిన పట్టు వదలరు కదా మీరు. నాలుగు విషయాలు చెప్తే ఒక్క చెవి దగ్గరే ఆగిపోయారు. ఈ మొండితనం వల్లే రోహిణి కార్తె వచ్చేసరికి కూలీలు పడిపోతున్నారు.

లావేరు_మొక్కజొన్న:
పడిపోయినవాళ్ళ గురించి నాకు చెప్పకండి. మా తమ్ముడు రోడ్డు పనికి వెళ్ళేవాడు. అక్కడ కాంట్రాక్టరు అందరికీ మీరు చెప్పిన టోపీలే ఇచ్చాడు. చుట్టూ అంచు, గడ్డం తాడు, అన్నీ ఉన్నాయి. అంతకుముందు 11కి ఆపి 3 దాటాక మొదలుపెట్టేవారు. టోపీలు ఇచ్చాక మధ్యాహ్నం ఆపడం మానేశారు. వాడు వడదెబ్బ తగిలి పడిపోతే, టోపీ ఇచ్చాం కదా, ఇంకేం చెయ్యమంటారు అన్నారు. బతికాడు. కానీ ఇప్పటికీ ఎండలో కాసేపు నిలబడలేడు, కళ్ళు తిరుగుతాయి. తువ్వాలు నాది, ఎండ ముదిరితే చెట్టు కిందకి నేనే పోతాను. టోపీ ఇచ్చినవాడు నన్ను పోనివ్వడు. మీకు ఇది మొండితనంలా కనిపిస్తే కనిపించనివ్వండి.

కళింగపట్నం_అల:
అన్నా, తమ్ముడికి ఇప్పుడు ఎలా ఉంది? ఏదైనా పని చేస్తున్నాడా?

లావేరు_మొక్కజొన్న:
రణస్థలంలో కిరాణా షాపులో కూర్చుంటున్నాడు.

సర్వే_గొలుసు:
విని చాలా బాధ కలిగింది. ఆ కాంట్రాక్టరు చేసింది దుర్మార్గం. అయినా తప్పు టోపీది కాదని మళ్ళీ చెప్తాను. టోపీ ఆపేది పైన పడే ఎండనే. వడదెబ్బ వచ్చేది ఒంట్లో వేడి బయటికి పోలేనప్పుడు. కిరణాల బలం 12 ప్రాంతంలో ఎక్కువ, గాలి వేడి 2, 3 గంటలకి ఎక్కువ. ఆ వేడికీ ఉక్కకీ టోపీ ఏమీ చెయ్యలేదు. నీడలో కూర్చున్నవాళ్ళకే వడదెబ్బ తగులుతుంటే, బరువు పని చేసేవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? మాటిమాటికీ నీళ్ళు, నీడలో విశ్రాంతి, నడిఎండలో పని ఆపడం. ఇవి చేశాకే టోపీ.

నౌపడ_ఉప్పు:
మాస్టారూ, మీరు ఆపితే పని ఆగుతుంది. మేం ఆపితే కూలి ఆగుతుంది. ఉపాధి హామీ పనిలో అయితే నీడ, తాగునీళ్ళు, మందుల పెట్టె ఉండాలని రాసైనా ఉంది, గట్టిగా అడగొచ్చు. తోటలో ఏం చూపించి అడుగుతాం? ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో తమ్ముడికి నేను చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ నీళ్ళు లేకుండా ఎండలో పనిచేస్తే కిడ్నీలకి చేటే.

అందుకే తమ్ముడూ, నిన్నే అడుగుతున్నాను. టోపీలు కొంటున్నావు, మంచి మనసు. వాళ్ళని ఎన్ని గంటలకి ఇంటికి పంపుతావు? తొందరగా పంపితే రోజు కూలి పూర్తిగా ఇస్తావా?

జీడితోట_పలాస:
అక్కా, మీరు అడిగాక నాన్నగారితో మాట్లాడాను. పొద్దున్న 6కి మొదలుపెట్టి 11కి ఆపడానికి ఒప్పుకున్నారు. తోట మధ్యలో నీళ్ళ కుండలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెడతాం. పూర్తి కూలి దగ్గర మాత్రం ఆగిపోయారు. పక్క తోటలవాళ్ళు 1 దాకా చేయిస్తున్నారు, మనం ఒక్కళ్ళమే ఎలా ఇస్తాం అంటున్నారు. ఇంకా నచ్చచెప్తున్నాను. టోపీలు మెడ గుడ్డ ఉన్నవే చూశాను, ఆర్డరు పెట్టెయ్యనా?

సర్వే_గొలుసు:
ముందు ఒక్కటి తెప్పించి వెలుతురుకి ఎత్తి చూడు బాబూ. తాడు కుట్టు లాగి చూడు.

లావేరు_మొక్కజొన్న:
కూలి సంగతి తేలాక పెట్టు.